వంపు తీసేసిన నాలా

హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో నా వెల్డింగ్ షెడ్డు వెనక వాన నీళ్ళు పోయే నాలా ఒకటి ఉంది. మొదట్లో అది షెడ్డుకి దూరంగా పెద్ద వంపు తిరిగి పోయేది. వానలకి ఆ వంపు దగ్గర నీళ్ళు ఆగిపోయి షెడ్డులోకి ఎగదన్నేవి. నాకసలే ఓపిక తక్కువ. జేసీబీ పిలిపించి, వంపు తీసేసి, గోడ పక్కనుంచే తిన్నగా తవ్వించేశాను.

నాన్న వద్దన్నాడు. ఆయన ఉక్కు ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. కరిగిన ఇనుము పారడానికి ఇసుకతో కాలువలు కట్టేవాడు. వాలు తక్కువైతే ఇనుము దారిలోనే గడ్డకడుతుంది, ఎక్కువైతే కాలువనే కోసేస్తుంది.

"పల్లం అంతే ఉంది, దారి పొట్టి సేసీసినావు. నీరు నేలని తినీస్తాదిరా," అన్నాడు. ఇనుము వేరు, నీళ్ళు వేరు అని నవ్వేశాను.

తొలి వానకి చుక్క నీరు నిలవలేదు. నాన్నకి ఫోన్ చేసి గొప్పలు కూడా పోయాను. శ్రావణం వెళ్ళేసరికి మోకాలి లోతు నాలా ఛాతీ లోతయింది. కోసుకుపోయిన మట్టంతా కింద చదును నేలలో మేట వేసింది. ఇక్కడేమో పునాది రాళ్ళు బయటపడి గోడ బీటలిచ్చింది. అప్పుడు నిజంగా భయం వేసింది. ఆ షెడ్డు తప్ప నాకు వేరే బతుకుతెరువు లేదు.

కబురు విని నాన్న తను ఉండే క్యాంప్ 1 కాలనీ నుంచి ఆటోలో వచ్చాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నావంటాడనుకున్నాను, అనలేదు. ప్యాంటు మడిచి నాలాలో దిగి, పెద్ద రాళ్ళు మెట్లు మెట్లుగా అడ్డం పేర్పించాడు. మెట్టు మెట్టుకీ నీళ్ళు నిదానించి, తెచ్చిన మట్టిని అక్కడే వదలాలని. తర్వాతి వానలకి నాలా అడుగు మెల్లగా లేచి పునాదిని కప్పింది.

రాళ్ళు పేర్చిన రోజు పని ముగిసి నాన్న కాళ్ళు కడుక్కుంటుంటే ఆయన పాదం మీది పాత మచ్చ కనిపించింది. వేడి గంజి పడిందని చిన్నప్పటినుంచీ మాకు చెప్పిన మచ్చ. నేను దాన్నే చూడడం గమనించాడు.

"గంజి కాదురా. షిఫ్టు అయిపోతోందని కాలవకి వాలు ఎక్కువిచ్చీసేను. కట్ట తెగి ఇనుము సిందింది. ఇంట్లో సెప్తే మీయమ్మ మరి డ్యూటీకి ఎల్లనిస్తాదా? నాకప్పుడు ఒద్దన్నోడు లేడు."

నాకు ఉన్నాడు. ఉన్నవాణ్ణి చూసి నవ్వాను. సిగ్గేసి, మగ్గుతో నీళ్ళు తీసి ఆ పాదం మీద పోస్తూ ఉండిపోయాను.