ఎడమ చేయి చూసి చెప్పిన సాక్ష్యం

సహోదరులారా, సహోదరీలారా, రోగం నుంచి విడుదల పొందానని ఒకసారి సంఘం ముందు నిలబడి చెప్పి, ఆ మాటతోనే ఒక మనిషిని మంచాన పడేసినదాన్ని నేను. అయినా దేవుడు నన్ను విడిచిపెట్టలేదు కాబట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఎమర్జెన్సీ ఎత్తేసిన తర్వాతి ఏడు సంగతి. అప్పుడు కొత్తవాడలో జంపఖానాలు నేసేదాన్ని. మగ్గం ముందు కూర్చుంటే తల పగిలిపోయేది, కళ్ళకు చీకట్లు కమ్మేవి, మధ్యాహ్నానికల్లా ఎడమ చేయి బరువెక్కి లేచేది కాదు, పనికి అలసిపోయిందిలే అనుకునేదాన్ని. పెద్ద దవాఖానలో డాక్టరు కుడి చేతికి పట్టీ కట్టి చూసి, బీపీ చాలా ఎక్కువుంది, మాత్రలు ఒక్కరోజు కూడా మానొద్దన్నాడు.

రెండు నెలలు వేసుకున్నాను. అంతలో సంఘంలో మూడు రోజుల ఉపవాస ప్రార్థన జరిగింది, అందరూ నా తల మీద చేతులుంచి ప్రార్థించారు, తల దూదిలా తేలికైంది. ఆ వారమే బీపీ చూపించుకోవడానికి మా వీధిలో ఉండే నర్సు దగ్గరికి వెళ్ళాను. నేతను బిగించే ఇనుప పంజాతో నూలు కొట్టి కొట్టి కుడి మోచేయి వాచి, పసుపూ సున్నం పట్టు వేసుకుని ఉన్నాను, అందుకని ఎడమ చేయి చాపాను. నూట ఇరవై, మంచిగుందంది. సంతోషంతో అక్కడే ఏడ్చాను!

మా సంఘంలో తాగుడు మానినవాళ్ళు సీసా, తాయెత్తు తెంపుకున్నవాళ్ళు తాయెత్తు తెచ్చి ముందు బల్ల మీద పెట్టి సాక్ష్యం చెప్పేవాళ్ళు. ఆ ఆదివారం నేను మాత్రల పొట్లం పెట్టి, బీపీ పోయిందని సాక్ష్యం చెప్పాను. అలా చెయ్యమని పాస్టరయ్యగారు చెప్పలేదు, ఎవ్వరూ చెప్పలేదు, నా అంతట నేనే పెట్టాను. మరుసటి ఆదివారం మా వాడ విధవరాలు ఎస్తేరక్క కూడా తన బీపీ మాత్రలు తెచ్చి అదే బల్ల మీద పెట్టింది.

నాలుగు నెలలకు ఆమె పొయ్యి దగ్గరే కూలిపోయింది. మూతి వంకర పోయింది, ఎడమ పక్క మొత్తం పడిపోయింది. దవాఖానలో ఆమె మంచం పక్కన ఉన్న నాకే కళ్ళు తిరిగితే అక్కడి నర్సు కుడి చేయి చూసింది, ముఖం మారింది. ఎడమ చేయి చూసింది, మళ్ళీ కుడి చూసింది, పోయి డాక్టరును పిలుచుకొచ్చింది. ఆయన నా రెండు మణికట్లూ ఒకేసారి పట్టుకుని నాడి పోల్చి చూశాడు.

“ఎడమ చేతికి రక్తం పోయే నరం సన్నబడ్డదమ్మా. అది ఎప్పుడు చూసినా తక్కువే చూపిస్తది. నీ అసలు బీపీ కుడి చేతిల ఉన్నది.”

అంటే నేను బాగుపడనే లేదు. నా నోటి మాట నమ్మి ఆమె పడిపోయింది. ఆ రోజు నుంచి నాకు ప్రార్థన రాలేదు. డాక్టరు మళ్ళీ ఇచ్చిన మాత్రలు కొంగుకు కట్టుకున్నాను గానీ వేసుకోలేదు. “ప్రభువా, ఆమెకు బదులు నన్ను తీసుకుపో” అని మాత్రం అనుకునేదాన్ని. రోజూ పోయి ఆమెకు గంజి తాగించి వచ్చేదాన్ని, ముఖంలోకి చూసేదాన్ని కాదు.

ఒకరోజు గంజి పోయబోతే ఆమె నోరు తెరవలేదు. పనిచేసే చేత్తో నా కొంగు ముడి పట్టుకుని లాగింది.

“ఇవి ఎందుకు మింగుతలేవే చెల్లె?” మాట ముద్దముద్దగా వచ్చింది.

“నావల్లనే కదక్కా నీకిట్లయింది.”

“నా మాత్రలు నేనే ఇడిసిన. నువ్వేమన్న నా నోట్లకెళ్లి తీసినవా? నువ్వు గూడ మంచంల పడితే నాకు గంజి ఎవలు పోస్తరు, నీ మొగడా? ముందు ఏసుకో, తర్వాత ఏడువు.”

వేసుకున్నాను. తర్వాత ఇద్దరం ఏడ్చాం. ఎన్నో నెలల తర్వాత ఆ పూట నా నోట “తండ్రీ” అనే మాట వచ్చింది. ఆ ఆదివారమే సంఘంలో లేచి, నేను చెప్పింది తప్పని ఒప్పుకున్నాను. కొందరు తల తిప్పుకున్నారు.

ఎస్తేరక్క ఇంకా రెండేళ్ళు బతికింది, పడిపోయిన చేయి మాత్రం చివరిదాకా లేవలేదు. దానికోసం నేనెంత అడిగినా దేవుడు ఇవ్వలేదు, ఎందుకో నాకు తెలియదు. కానీ చావు కోరుకున్న నన్ను ఆమె చేత్తోనే నిలబెట్టాడు, ఆయనకే మహిమ. దవాఖానకు పోతే రెండు చేతులూ చూడమని అడగండి. నాకంటే పెద్ద తప్పు చేశామని కుమిలేవాళ్ళుంటే ఆయన దగ్గరికి రండి, తోసేయడు. వచ్చేటప్పుడు మాత్రలు వేసుకుని రండి.