గాలి లేచిన రోజుల్లో బొరుగులత్త

మంగళవారం పొద్దున నేను బడిలో నల్లబల్ల మీద ఎక్కాలు రాస్తుండగా మా వీధి నుంచి ఒకామె వచ్చి వాకిట్లో నిలబడింది. ఆమె నోరు తెరవకముందే నాకు అర్థమైంది. నెల రోజులుగా పెద్దాసుపత్రిలో ఉన్న మా బొరుగులత్త తెల్లవారుజామున పోయింది. పిల్లల చేత ఆ ఎక్కం చివరిదాకా చెప్పించి, సెలవడిగి బయలుదేరాను. పని మధ్యలో వదిలేసి వచ్చానంటే ఆమె ఒప్పుకునేది కాదు.

ఆమెకూ నాకూ రక్తసంబంధం లేదు. అరవనాట వ్యాసర్పాడి పేటలో మేముండే గుడిసెల వరసలో మొదటి ఇల్లు ఆమెది. వేడి ఇసుకలో వేయించి బొరుగులు చేసి అమ్మేది గనక చిన్నాపెద్దా అందరికీ బొరుగులత్తే. భర్త ఎప్పుడో పోయాడు. పిల్లలు లేరు. రోజూ పని ముగిశాక పొయ్యిలో నీళ్లు చల్లి, బూడిదను కర్రతో కెలికి, మళ్లీ చల్లి, ఆఖరున అరచేతి వెనక భాగాన్ని దగ్గరగా పెట్టి వేడి చూసేది. నేను కొత్తకోడలిగా వచ్చిన వారంలోనే మా పొయ్యి దగ్గర కూర్చుని నా చేత కూడా అలాగే చేయించింది.

"బూడిదను నమ్మబాక మే. లోపల నిప్పు నిద్రపోతా ఉంటాది" అంది.

మా వరసకి వెనక పెద్ద బీడు. వానాకాలంలో చిత్తడి, ఎండాకాలంలో నడుమెత్తు ఎండుగడ్డి. నేను రాకముందు ఒక వేసవిలో ఆ గడ్డి అంటుకుని, గాలికి మంట తాటాకు కప్పుల మీదికి దూకి, వరసంతా కాలిపోయిందట. అందరూ బయటపడ్డారు. ఒక ముసలాయన మాత్రం రేకుపెట్టె కోసం మళ్లీ లోపలికి వెళ్లాడు. తిరిగి రాలేదు. అంతకు ముందు ఆయన చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చింది బొరుగులత్తే. ఆ సంగతి నాతో ఒక్కసారే చెప్పింది. "పట్టుకున్న చెయ్యి విదిలించుకుంటే వదిలేస్తిని. ఇంక వదల్ను" అంది.

మరుసటి ఏడు నడివేసవి కత్తిరి ఎండలు రాకముందే, బీడుకీ గుడిసెలకీ మధ్య ఇరవై అడుగుల మేర గడ్డి కోయడం మొదలుపెట్టిందట. మేకలవాళ్లు మేత పోతుందని పోట్లాడారు. ఆమె కోస్తూ పోయింది. మూడు రోజులు ఒక్కతే. నాలుగో రోజు ఇద్దరు ఆడవాళ్లు కొడవళ్లు తెచ్చుకున్నారు. నేను కాపురానికి వచ్చేనాటికి అది మా వీధి ఆనవాయితీ అయిపోయింది. ప్రతి గుమ్మం దగ్గరా ఒక కుండ నీళ్లు, ఒక కుండ ఇసుక ఉండాలి. ఇసుక ఆమే పంచేది. కాగితాలూ ఒక జత బట్టలూ మూటగట్టి తలుపు పక్కన పెట్టాలి. గుడిసె వెనక మనిషి దూరేంత దారి ఉండాలి. ఇది విని మా ఆయన, దొంగలకి దారి పెట్టమంటావా అని నవ్వాడు. ఆయన పనికి వెళ్లాక ఆమే కత్తి తెచ్చి, మా వెనక తడికను కోసి, అక్కడొక చాప వేలాడదీసి పోయింది. ఆ సాయంత్రమంతా ఆయన గొణుగుతూనే ఉన్నాడు.

మా వీధికి కరెంటు వచ్చిన కొత్తలో మేమందరం బల్బు చూసి మురిసిపోతే ఆమె తీగను చూసింది. రెండు స్తంభాల మధ్య అది వదులుగా వేలాడుతూ తాటిచెట్టు పక్కనుంచి పోతోంది. కరెంటు ఆఫీసుకి నడిచి వెళ్లి చెప్పింది. అక్కడి గుమాస్తా, నీ ఇంట్లో కరెంటుందా అని అడిగాడట. లేదంది. అయితే నీకెందుకన్నాడట. మర్నాడు మళ్లీ వెళ్లి అదే బల్ల ముందు నిలబడింది. ఆ మర్నాడు కూడా. చివరికొక లైన్‌మన్ వచ్చి తీగ బిగించి, తగిలే మట్టలు కొట్టించాడు. ఆమె అతన్ని అంతటితో పోనివ్వలేదు. వీధి జనాన్నంతా పిలిచి, తీగ తెగిపడితే ఏం చేయాలో చెప్పమంది. ముట్టుకోకూడదు, దగ్గరికి పోకూడదు, నీళ్లు పోయకూడదు, ఒకరు కాపలా ఉంటే ఇంకొకరు ఆఫీసుకి పరుగెత్తాలి అని అతను చెప్పాడు. ఇళ్లలో దీపాలు ఆరిపోయినంత మాత్రాన తీగలో కరెంటు లేదనుకోవద్దన్నాడు. ఈ చివరిది మాకెవరికీ తలకెక్కలేదు.

"చచ్చిన పామో బతికిన పామో చూసేదానికి తొక్కి చూస్తామా?" అంది అత్త. అప్పుడెక్కింది.

గాలి లేచిన మధ్యాహ్నాల్లో ఇల్లిల్లూ తిరిగి పొయ్యిలు ఆర్పించేది, కరెంటున్న చోట మెయిను ఆపించేది. తిట్టుకుంటూనే ఆపేవాళ్లం.

నా కూతురు పుట్టి అయిదో నెల నడుస్తుండగా మళ్లీ నిప్పు లేచిన రోజు వచ్చింది. నేను కుళాయి దగ్గర బిందె నింపుకుంటున్నాను. బీడులో పొగ లేచింది. అది ఎవరి బీడీయో, ఎవరి పొయ్యిలో నిప్పో ఈనాటికీ తెలియదు. గడ్డి కోసిన మేర దాకా వచ్చి మంట ఆగిపోయింది. కానీ గాలి రవ్వలను ఎగరేసుకొచ్చి మూడు కప్పుల మీద వేసింది. అందులో మాదొకటి. జనం కుండలతో నీళ్లు చల్లుతుండగా ఎండిన తాటిమట్ట ఒకటి విరిగి తీగ మీద పడింది. తీగ తెగి మా గుమ్మం ముందు తడినేల మీద పడింది. పాప లోపల ఉయ్యాల్లో ఉంది.

బిందె వదిలేసి పరుగెత్తాను. అత్త అడ్డొచ్చి నన్ను నడుం దగ్గర పట్టేసింది. విడిపించుకోలేక ఆమె చెయ్యి కొరికాను. అయినా పట్టు సడల్లేదు.

"ఆడ కాదు మే. వెనకనించి. నడు" అంది.

ఇద్దరం వరస చుట్టూ తిరిగి వెళ్లాం. చాప తోసుకుని లోపలికి దూరాను. కప్పు ఒక మూల మండుతోంది. పాపను తీసుకుని బయటికి వచ్చేదాకా ఆమె నా కొంగు చివర గుప్పిట్లో పట్టుకునే ఉంది. మమ్మల్ని బడి ఆవరణకి పంపించి, తను వీధిలోకి వెళ్లి, తీగకి దూరంగా చేతులు చాపి నిలబడింది. కబురు విని పరుగెత్తుకొచ్చిన మా ఆయన్ని కూడా ఆపింది. పాప బడిలో ఉందని ఆమె చెబుతున్నా ఆయన చెవికెక్కక, మూడుసార్లు చెప్పించుకున్నాడట. లైన్‌మన్ వచ్చి కరెంటు ఆపించానని చెప్పేదాకా ఆమె అక్కణ్ణుంచి కదల్లేదు. మూడు గుడిసెలు కాలిపోయాయి. మనిషన్నవాడికి ఎవరికీ ఏమీ కాలేదు.

ఆమె ముంజేతి మీద నా పళ్ల గాటు చాలా రోజులు కనిపించింది. క్షమించమని అడిగితే, "పళ్లు గట్టిగానే ఉండాయిలే" అని నవ్వింది. మేము కొత్త గుడిసె వేసుకున్నప్పుడు మా ఆయన ముందుగా కోసింది వెనక దారే.

ఆమె పోవడానికి నాలుగు రోజుల ముందు సాయంత్రం ఆసుపత్రికి వెళ్లాను. అప్పటికే నాలుగు మాటలకి ఆయాసం వస్తోంది. చీకటి పడే వేళకి వార్డులో కరెంటు పోయింది. ఎవరి చెయ్యి తగిలిందో, ఒక సీసా కిందపడి పగిలింది. స్పిరిట్ వాసన గుప్పుమంది. ఒక మూలనుంచి అగ్గిపెట్టె చప్పుడు వినిపించింది.

"పుల్ల గీయబాకండి" అంది అత్త. అంత గొంతు ఆమెలో మిగిలి ఉందని నేననుకోలేదు. "ఎవురూ కింద కాలు పెట్టబాకండి, గాజుముక్కలుండాయి. పక్క మంచం మీద ఎవురుండారో వాళ్లని పలకరించండి." ఊపిరి తీసుకుని అదే మాట అరవంలోనూ చెప్పింది.

అగ్గిపెట్టె చప్పుడు ఆగింది. తరవాత ఒక మంచం మీది మనిషి పక్క మంచం మీదామెని పేరడిగింది. ఆమె తన పేరు చెప్పి అవతలామెని అడిగింది. అలా ఒక్కొక్క పేరూ తెలుగులోనో అరవంలోనో ఆ చీకట్లో మంచం నుంచి మంచానికి నడుస్తూ వార్డు చివరిదాకా వెళ్లింది. నర్సు టార్చి పట్టుకుని వచ్చి గాజంతా ఊడ్చింది. కరెంటు వచ్చేసరికి, మంచాల మీద అందరూ కాళ్లు పైకి ముడుచుకుని కూర్చుని మా అత్త వైపు చూస్తున్నారు. ఆమె అప్పటికే ఒక పక్కకి తిరిగి నిద్రపోయింది.