చిల్లుల పలక

ఈ ఉదయం స్నానాల గదిలో అడుగుపెట్టగానే తడిసిన పలక వాసన తగల్లేదు. బళ్ళో పిల్లలు నీళ్ళబట్టతో పలక తుడిచినప్పుడు వచ్చే చల్లని వాసన అది. రోజూ నన్ను పలకరించేది ఇవాళ లేకపోయేసరికి కిందికి చూశాను. తూము మీద ఉండాల్సిన చిల్లుల పలక గోడకు ఆనించి ఉంది. నీళ్ళు దిగాలా వద్దా అన్నట్టు గుడగుడమంటున్నాయి. మా కోడలు సరళకు కాన్పయి నాలుగు నెలలు. పలక ఎవరు తీశారో, ఎందుకు తీశారో నాకు ఇట్టే తెలిసిపోయింది. ఒకప్పుడు నేనూ ఇలాంటి పనే చేసి పట్టుబడ్డాను. నన్ను పట్టుకున్న మస్తాన్‌బీ పిన్నమ్మ గురించి ఈ గిద్దలూరు ఇంట్లో ఇప్పుడు నాకు తప్ప ఎవరికీ తెలియదు.

మద్రాసు ప్రెసిడెన్సీ రోజులవి. అప్పట్లో కర్నూలు జిల్లాలో ఉన్న మార్కాపురం మా పుట్టినూరు. గోడకవతల ఇల్లే పిన్నమ్మది. ఆమె భర్త పలకల కార్ఖానాలో రాయి కోసేవాడు. అక్కడ విరిగిన ముక్కల్లో ఒక్కటీ వృథా పోనిచ్చేది కాదావిడ. కుండలకు మూతలవే, పొయ్యి పక్కన పీటలవే, కోళ్ళగూటికి తలుపూ అదే. మా స్నానాల బండ మీది నీళ్ళు గోడ కింద తూములోంచి ఆమె పొట్లపాదుకు పారేవి. నీళ్ళు మావి, పాదు ఆమెది, కాయలు చెరిసగం. నవ్వితే వీధి చివరకు వినపడేది. పని పాడుచేసిన వాళ్ళను మాత్రం చిన్నాపెద్దా చూడకుండా కడిగేసేది.

తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చిన నాకు బిడ్డ మూడో నెలలో జుట్టు రాలడం మొదలైంది. దువ్వెన పెడితే దువ్వెన నిండా, తలకు పోసుకుంటే బండ నిండా వెంట్రుకలే. ఇంకెవరైనా అయితే ఇంత బెంగపడేవారు కాదేమో. పెళ్ళిచూపుల్లో మా అత్తగారు నన్ను వెనక్కి తిరగమని, అందరి ముందూ నా జడను మూరతో కొలిచి, అప్పుడు గానీ తాంబూలం అందుకోలేదు. అయిదో నెలలో బిడ్డతో గిద్దలూరు వెళ్ళాలి. ఎలుకతోక లాంటి జడతో ఆమె ఎదుట ఎలా నిలబడేది? మా ఇంట్లో ఆడవాళ్ళు రాలిన వెంట్రుకలను వేలికి చుట్టి పెరటి గోడ సందులో దోపేవారు. నావి అక్కడ దోపితే అమ్మ కంట పడతాయి. అందుకని తలకు పోసుకున్నప్పుడల్లా వాటిని ఉండచేసి, చీపురుపుల్లతో తూములోకి నెట్టేదాన్ని. ఎంత తెలివైనదాన్నో అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

నెల తిరగకుండానే నా తెలివి బయటపడింది. అమ్మ కాళ్ళ మీద బిడ్డను వేసుకుని నీళ్ళు పోస్తుంటే, ఆ నీళ్ళు దిగక ఆమె చుట్టూ మడుగు కట్టాయి. తూములో ఎలుక చచ్చి ఉంటుందని గొణుక్కుంటూ అమ్మ సాంబ్రాణి పొగ వేయడానికి బిడ్డను లోపలికి తీసుకెళ్ళింది. అదే సమయానికి, పాదు ఎందుకు వాడిపోతోందో చూద్దామని పిన్నమ్మ ఇనుప కొక్కెం పట్టుకుని వచ్చింది. చేయి భుజం దాకా తూములో పెట్టి లాగింది. తడిసిన పిల్లికూనంత ఉండ బయటకు వచ్చింది. పిన్నమ్మ దాన్ని చూసి, నన్ను చూసింది.

“ఇదంతా నీదేనా అమ్మీ?”

తలూపి ఏడ్చేశాను. అత్తగారి సంగతి, జడ కొలత సంగతి అంతా చెప్పేశాను. పిన్నమ్మ ఓదార్చలేదు. చెయ్యి కడుక్కుని, తల మీది కొంగు జార్చి, ముడి విప్పి జుట్టు నా చేతిలో పెట్టింది. అన్నేళ్ళ ఇరుగుపొరుగులో నేనెప్పుడూ ఆమె జుట్టు చూడలేదు. సగం నెరిసినా చేతికి బరువుగా ఉంది.

“ఆరు కాన్పులు. ఆరుమాట్లూ ఇట్లనే రాలినాయి, ఆరుమాట్లూ మళ్ళొచ్చినాయి. నీకూ వస్తాయి. దానికి నా పొట్లపాదు ఎండబెడతావా?”

ఏడుస్తున్నదాన్ని నవ్వేశాను. ఆ సాయంత్రమే ఆమె ఒక పలకముక్కకు మేకుతో నిదానంగా చిల్లులు తొలిచి తూము మీద పరిచింది. స్నానానికి ముందే దువ్వుకోమంది. పోసుకున్నాక పలక మీద మిగిలినవి ఏరి, కడిగి, ఆరబెట్టి, గుడ్డలో మూటకట్టి తనకివ్వమంది. అమ్మకు తాను చెప్పననీ, చెప్పుకోవలసింది నేనేననీ అంది. చెబితే అమ్మ, ఇంతేనా, నీవు పుట్టినప్పుడు నాకూ రాలాయి అని కందులు విసరడంలో పడిపోయింది. బయలుదేరే ముందురోజు పిన్నమ్మ ఆ మూటలోని వెంట్రుకలన్నీ చిక్కుతీసి, కుచ్చుగా కట్టి, నల్లదారంతో సవరం అల్లి తెచ్చింది. నా జుట్టే నాకు తిరిగి వచ్చింది. అది నా చేతిలో పెడుతూ ఒకే మాట అంది. “పెట్టుకో, గానీ దాచుకోవద్దు. దాచినావంటే దినామూ దానికి కావలి కాయాల.”

గిద్దలూరులో రైలు దిగిన మర్నాడే అత్తగారు మనవణ్ణి చూపించడానికి వీధిలోని ముగ్గురు ఆడవాళ్ళను పిలిచారు. బిడ్డ ముచ్చట అయ్యాక సహజంగానే నా జడ దగ్గరకు వచ్చారు. కాన్పయినా నా కోడలి జడ చెక్కుచెదరలేదు చూడండి అని అత్తగారు గర్వంగా అన్నారు. ఊరుకుంటే సరిపోయేది. కానీ రేపు తలంటేటప్పుడో, ఎల్లుండి దువ్వేటప్పుడో ఆమెకు తెలియకపోదు. అన్నాళ్ళూ కావలి కాయడం నావల్ల కాదనిపించింది.

“సగం సవరం అత్తా. రాలిన నా వెంట్రుకలే,” అన్నాను.

ఆ ముగ్గురిలో ఒకావిడ తన ముడిని సర్దుకుంటూ, ఎవరు అల్లారని మెల్లగా అడిగింది. పలక దగ్గర్నుంచి మొత్తం చెప్పాను. అత్తగారు మూతి బిగించుకుని లోపలికి వెళ్ళిపోయారు. నా పని అయిపోయిందనుకున్నాను. మధ్యాహ్నం ఆమె నన్ను పెరట్లోకి రమ్మని, స్నానాల బండ మూల చూపించారు. అక్కడ మురికినీళ్ళు నిలిచి ఉన్నాయి.

“ఆ చిల్లుల పలక ఏందో మాకూ ఒకటి తెప్పీ. ఈ తూము నా తొలికాన్పు కాడి నుంచీ పూడతానే ఉంది. ఎలకలని చెప్పుకుంటా వస్తిమి.”

ఆమె ముఖంలోకి చూసే ధైర్యం లేదు గానీ, ఆ క్షణంలో మా అత్తగారి మీద నాకు మొదటిసారి ప్రేమ కలిగింది. మరుసటి నెల నాయన మమ్మల్ని చూడడానికి వస్తూ గోనెసంచిలో పిన్నమ్మ తొలిచిన నాలుగు చిల్లుల పలకలు తెచ్చాడు. ఒకటి మాకు, మూడు తమకూ కావాలన్న ఆ ముగ్గురికి. ఏడాది తిరిగేసరికి నా నుదుటి మీద కొత్త వెంట్రుకలు పిచ్చిగడ్డిలా నిక్కి నిలబడ్డాయి. మార్కాపురం వెళ్ళి చూపిస్తే పిన్నమ్మ ఒకదాన్ని పట్టి లాగి చూసి, ఇక తన పాదుకు భయం లేదని పొట్లకాయలు కోసి నా ఒళ్ళో వేసింది.

ఇవాళ కొక్కెంతో తూము బాగుచేసి, వచ్చిన ఉండను కడిగి ఎండలో పెట్టాను. పలకను తీసుకొచ్చి, ఒళ్ళో పెట్టుకుని గడప మీద కూర్చున్నాను. బిడ్డను పడుకోబెట్టి వచ్చిన సరళ ఎండలోని వెంట్రుకలు చూసి, కళ్ళు దించుకుని నిలబడిపోయింది. ఏం చెప్పాలో ముందే అనుకున్నవన్నీ మరచిపోయాను. ముడి విప్పి నా తెల్లజుట్టు ఆమె చేతిలో పెట్టాను.

“నాలుగుమాట్లు రాలి, నాలుగుమాట్లు వచ్చినవే ఇవి.”

సరళ వాటిని అరచేతిలో పట్టుకుని, ఆనాడు నేను చూసినట్టే బరువు చూసింది. తరువాత నా ఒళ్ళోంచి పలక తీసుకుని, తనే వెళ్ళి తూము మీద పెట్టింది.