ఏడు ఖాళీ వరుసలు

ఆఫీసులో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. స్విచ్చులాయన అనేవారు. కొత్తగా చేరినవాళ్లు ఫ్యాను ఆగిపోతే అతని బల్ల దగ్గరికి వచ్చేవాళ్లు, కరెంటు పని చేస్తాడనుకుని. "నాయనా, నా స్విచ్చులు నొక్కితే లైటు వెలగదు," అని వెనక్కి పంపేవాడు. పంతొమ్మిదేళ్లుగా అదే జోకు. నవ్వేవాళ్లు మాత్రం మారుతూ వచ్చారు.

ఆ కంపెనీ లిఫ్టుల్ని నడిపే బోర్డులు తయారుచేస్తుంది. బోర్డులో ఉండే ప్రోగ్రాము ఒక్కటే, మూడు వందల పన్నెండు ఫైళ్లు. కానీ ఆసుపత్రి లిఫ్టు వేరు, సామాన్లు మోసే లిఫ్టు వేరు, నాలుగంతస్తుల ఇళ్ల లిఫ్టు వేరు. ఒక్కోదానికి ఒక్కో ప్రోగ్రాము రాయాలంటే జీవితాలు చాలవు. అందుకని ఫైళ్ల మధ్యలో షరతులు రాస్తారు: ఫలానా స్విచ్చు విలువ ఒకటి అయితే ఈ ముక్క ఉంచు, సున్నా అయితే తీసెయ్. ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ ముందుగా ఈ షరతులు చదువుతుంది. తీసెయ్యమన్న ముక్కను అది పక్కన దాచిపెట్టదు. అసలు ఎవరూ ఎన్నడూ రాయనట్టే వదిలేస్తుంది.

అలాంటి స్విచ్చులు రెండు వందల పద్నాలుగు. ఏ భవనానికి ఏది ఒకటో, ఏది సున్నానో చూసుకోవడమే అతని ఉద్యోగం. భార్య పోయాక ఒక రకంగా అతని సంసారం కూడా అదే. ఆదివారాలు మాత్రం రెండు వీధుల అవతల ఉన్న చెల్లెలి ఇంట్లో భోజనం. చెల్లెలి భర్త అదే కంపెనీలో లిఫ్టు మెకానిక్కు. ఆ ఉద్యోగం వేయించింది స్విచ్చులాయనే.

బావకీ బావకీ పొద్దస్తమానం ఎత్తిపొడుపులే.

"నువ్వు ఏసీలో కూర్చుని ఒకటీ సున్నా రాస్తావు. గ్రీజు మాత్రం నా ఒంటికి," అనేవాడు మెకానిక్కు.

"నేను రాయకపోతే నీ లిఫ్టు పైకెక్కదు బావా."

"నేను రాకపోతే దిగదు."

మెకానిక్కుకి ఒక అలవాటు ఉంది. లిఫ్టు తలుపు తెరిచి ఉండగా నడిపి చూడాల్సివస్తే, తలుపు మూసే ఉందని బోర్డును నమ్మించడానికి, ఆ బోర్డు ఉండే ఇనప పెట్టెలో, అంటే పానెల్లో, మూరెడు ఎర్ర తీగ కలుపుతారు. పని అయ్యాక దాన్ని మర్చిపోతే ప్రాణాలు పోతాయి. అందుకని అతను ఆ తీగని జేబులోనో సంచీలోనో పెట్టడు. ఎడమ మణికట్టుకి మూడు చుట్లు చుట్టుకుంటాడు. పానెల్లో ఉంటే చెయ్యి బోసిగా కనబడుతుంది, చేతికి ఉంటే పానెల్లో లేనట్టే. పెళ్లిళ్లకి వెళ్లినా తీసేవాడు కాదు. "గాజులేయించుకున్నావా బావా," అని స్విచ్చులాయన ఏడిపించేవాడు.

స్విచ్చులాయనకీ ఒక పద్ధతి ఉండేది. రెండు వందల పద్నాలుగు స్విచ్చులూ ఒక్కటే ఫైల్లో ఉండాలి. మిగతా ఫైళ్లన్నీ తమ మొదటి వరుసలో ఆ ఫైలుని పిలుచుకోవాలి. ఎందుకంటే ఒక స్విచ్చు పేరే వినని ఫైలు గొడవ చెయ్యదు. తెలియని పేరుని కంపైలర్ నోరు మూసుకుని సున్నా కింద లెక్కేస్తుంది. సున్నా అంటే తీసెయ్యడం.

పన్నెండేళ్లు ఆ పద్ధతి నడిచింది. చిక్కేమిటంటే, ఒక్క స్విచ్చు మారిస్తే మూడు వందల పన్నెండు ఫైళ్లూ మళ్లీ మొదటినుంచి తయారవ్వాలి. నలభై నిమిషాలు. కుర్రవాళ్లు కాఫీ గదిలో కూర్చుని అతని మీద పాటలు కట్టేవారు. పెద్ద మేనేజరు ఒకరోజు పిలిచాడు.

"ఏమయ్యా, నీ ఒక్క ఫైలు కోసం నలభై మంది గోళ్లు గిల్లుకుంటున్నారు. ముక్కలు చెయ్."

"ముక్కలు చేస్తే ఏ ఫైలుకి ఏది కావాలో తప్పుతుంది సార్."

"నువ్వున్నావుగా తప్పకుండా చూడ్డానికి."

ఆ మాట అతనికి పొగడ్తలా వినబడింది. అతని కొంప ముంచింది అదే. ఫైలుని ఏడు ముక్కలు చేశాడు: తలుపులకి ఒకటి, మోటారుకి ఒకటి, దీపాలకి ఒకటి, అలా. నాలుగు రోజులు కూర్చుని ఫైలు తరవాత ఫైలు చూసి, ఏ ఫైలుకి ఏ ముక్క కావాలో అది తగిలించి, కాగితం మీద టిక్కులు పెట్టాడు. నలభై నిమిషాలు ఆరు నిమిషాలయింది. కాఫీ గదిలో చప్పట్లు కొట్టారు. జీవితంలో అతనికి దక్కిన చప్పట్లు అవే.

ఐదు నెలల తరవాత ఒక మధ్యాహ్నం, ఒక ఆసుపత్రి మూడో అంతస్తులో మెకానిక్కు లిఫ్టు లోపల నేల మీద కూర్చుని, అంతస్తు గడప కింద ఊడదీసిన రేకు మళ్లీ బిగిస్తున్నాడు. తలుపు తెరిచి ఉంది. లిఫ్టు అంతస్తు కంటే జానెడు కిందికి ఆగి ఉంది. కుడికాలు గడప కింద రేకు లేని ఆ జానెడు సందులోకి చాపుకున్నాడు. లిఫ్టు కదిలింది. వేగంగా కాదు, మెల్లగా, అంతస్తుతో సమం అవడానికి. సమం అయింది.

మోకాలి కింద కాలు తీసేశారు.

కంపెనీ విచారణ రెండు వారాల్లో ముగిసింది. పానెల్లో తీగ కలిపి మర్చిపోయాడని, తలుపు మూసే ఉందని బోర్డు నమ్మిందని, కాపాడే హడావిడిలో ఎవరో ఆ తీగ పీకేసి ఉంటారని రాశారు. కింద వరుసలో 'మెకానిక్ అజాగ్రత్త' అని ఉంది. ఆ కాగితాన్ని చెల్లెలి ఇంటికి తీసుకెళ్లి ఇచ్చింది స్విచ్చులాయనే. ప్రోగ్రాములో తప్పు లేదని సంతకం పెట్టినవాళ్లలోనూ అతనున్నాడు. తన టిక్కుల కాగితం తీసి చూసుకుని మరీ పెట్టాడు.

మొదట మెకానిక్కు అరిచాడు. "నేనా? తీగ మర్చిపోయేది నేనా?" అన్నాడు. నెల తిరిగేసరికి అరుపు తగ్గింది. గోడవైపు తిరిగి పడుకుని, కుడిచేత్తో ఎడమ మణికట్టు చుట్టూ గాల్లో చుట్లు చుట్టేవాడు, విప్పేవాడు. ఒకరోజు తనంతట తనే అన్నాడు:

"మర్చిపోయే ఉంటా బావా. అంతమంది చదువుకున్నవాళ్లు రాశారుగా."

పిల్లలకి కూడా అదే చెప్పాడు. ఇంటికొచ్చిన తోటి మెకానిక్కులకి, చూడండిరా, నాలా చెయ్యకండి అని చెప్పాడు. ఆ గదిలో అందరికంటే కష్టం చూసేవాళ్లదే. కాలు పోయినప్పుడు కూడా ఆ మనిషి తలెత్తే మాట్లాడాడు. ఇప్పుడు కళ్లు కిందికి దిగిపోయాయి.

మూడో నెలలో చెల్లెలు బీరువా సర్దుతుంటే ఆసుపత్రివాళ్లు ఇచ్చిన కవరు దొరికింది. అప్పట్లో తెరిచే ధైర్యం లేక లోపల పడేసింది. ఆ ఆదివారం అన్నం వడ్డించకుండానే ఆ కవరుని అన్నయ్య ముందు బోర్లించింది. గడియారం, బెల్టు, ఎర్ర తీగ ముక్కలు మూడు. ప్రతి ముక్కా గుండ్రంగా వంగి ఉంది. చివర్లు నున్నగా తెగి ఉన్నాయి.

"ఇవేంటో చెప్పు అన్నయ్యా."

అతను ఒక ముక్క తీసి తన మణికట్టు మీద పెట్టుకున్నాడు. సరిపోయింది.

"సూది గుచ్చడానికి కత్తెరతో తెంపారు," అంది ఆమె. "చేతికుంది కాబట్టే తెంపారు. చేతికుంటే అక్కడ లేదు. ఇది నాకు తెలుసు, నీకు తెలుసు. మరి లిఫ్టు ఎందుకు కదిలింది?"

అతను అన్నం తినకుండా ఆఫీసుకి వెళ్లాడు. కాపలావాడు తప్ప ఎవరూ లేరు. కిటికీలోంచి ఎండ బల్లల మీద పడుతోంది. ఆ రోజు అతను టిక్కుల కాగితాన్ని నమ్మలేదు. కంపైలర్ని షరతులు చదివే దగ్గరే ఆగమన్నాడు. ఏం ఉంచావో, ఏం తీసేశావో చూపించమన్నాడు. ఒక్కో ఫైలూ తెరిచి చదివాడు. నూట ఎనభై ఏడో ఫైలు లిఫ్టుని అంతస్తుతో సమం చేసేది. మోటారు పని కాబట్టి దానికి మోటారు స్విచ్చులు తగిలించాడు. తలుపు స్విచ్చు అందులో ఒక్క చోటే వాడారు. తలుపు తెరిచి ఉంటే కదలకు అని చెప్పే ఏడు వరుసలు. తలుపుల ఫైలుని పిలవలేదు కాబట్టి ఆ స్విచ్చు పేరు దానికి తెలియదు. తెలియనిది సున్నా.

ఏడు వరుసలు ఉండాల్సిన చోట తెర మీద ఏడు ఖాళీ వరుసలు ఉన్నాయి.

ఇంకొకటి కూడా అప్పుడే గుర్తొచ్చింది. తెలియని స్విచ్చు పేరు కనబడితే చెప్పు అని కంపైలర్ని అడగొచ్చు. ఆ హెచ్చరికని ఎనిమిదేళ్ల కిందట అతనే మూయించాడు. బయట కొన్న ఫైళ్ల మీద అది నాలుగు వేలసార్లు అరిచేది. తలనొప్పి అని మూయించాడు.

ఆ పేజీ అచ్చు తీసుకుని సోమవారం పొద్దున్నే పెద్ద మేనేజరు గదిలోకి వెళ్లాడు. మేనేజరు కళ్లద్దాలు పెట్టుకుని పేజీ చదివాడు.

"ఒక్క వరుస చేరిస్తే సరిపోతుందిగా?"

"సరిపోతుంది సార్. కానీ ఇదే ప్రోగ్రాము ఇంకా ముప్పై ఆరు భవనాల్లో నడుస్తోంది. ఈరోజే ఆపాలి."

"ఆపితే ఎందుకని అడుగుతారు. ఆరువారాల్లో అన్ని లిఫ్టులకీ మామూలు సర్వీసు వస్తుంది, అప్పుడు మార్చేద్దాం. ఆ వరుస చేర్చు. ఎందుకు చేర్చావో రాయకు."

"మా బావ తప్పు కాదని..."

"మీ బావ కాలు మళ్లీ మొలుస్తుందా? నీ ఉద్యోగం మాత్రం పోతుంది. సంతకం నీదే, టిక్కులు నీవే, ముక్కలు చేసింది నువ్వే. ఆలోచించుకో."

ఆలోచించుకున్నాడు. గొప్పవాడేం కాదు. మెట్ల మీద గంటసేపు కూర్చున్నాడు. యాభై రెండేళ్లు. ఈ స్విచ్చులు తప్ప ప్రపంచంలో ఏ పనీ రాదు. పేజీ చింపేస్తే తెలిసేవాళ్లు ఇద్దరే. తరవాత లేచి లిఫ్టుల తనిఖీ ఆఫీసుకి నడిచి, పేజీతో పాటు ముప్పై ఆరు భవనాల జాబితా ఇచ్చాడు. ప్రతి కాగితం మీదా తనే సంతకం పెట్టాడు. సాయంత్రానికి ఆ లిఫ్టులన్నీ ఆపారు.

అక్కణ్నుంచి తిన్నగా చెల్లెలి ఇంటికి వెళ్లాడు. ఆ పేజీ ఇంకో ప్రతిని మంచం మీద పెట్టాడు.

"ఇదేంటి బావా? మధ్యలో ఏం లేదే," అన్నాడు మెకానిక్కు.

"అక్కడ ఉండాల్సింది నేను పోగొట్టా. నువ్వు తీగ మర్చిపోలేదు."

చెల్లెలు గుమ్మంలో నిలబడి ఉంది. మెకానిక్కు కాగితాన్ని వేలితో తడిమాడు, ఖాళీ వరుసల మీద, పైనుంచి కిందికి.

"తీసినట్టు నాకు గుర్తుండేది," అన్నాడు చివరికి. "మూడు చుట్లూ చుట్టినట్టు గుర్తే. మీ కాగితం చదివాక ఆ గుర్తుని నేనే చెరుపుకున్నా. రెండు నెలలు నా చేతుల్ని నేనే తిట్టుకున్నా బావా. పిల్లల ముందు తిట్టుకున్నా."

"తప్పు నాది."

"కాలు పోవడం వేరు. అది యంత్రం పని, ఎవరికైనా జరుగుతుంది. నేను అలాంటివాణ్ని కాదని నీకు తెలుసు. ఈ తీగ చూసి నవ్వినవాడివి నువ్వే. తెలిసీ సంతకం పెట్టావు. ఒక్కసారి వెతకబుద్ధి కాలేదా?"

స్విచ్చులాయన అప్పుడు మనిషి కంటే టిక్కుల కాగితాన్ని ఎక్కువ నమ్మాడు.

"వెళ్లు బావా," అన్నాడు మెకానిక్కు. గొంతులో కోపం లేదు. రెండు నెలల తరవాత మొదటిసారి కళ్లెత్తి చూసి అన్నాడు ఆ మాట.

గుమ్మం దాటుతుంటే చెల్లెలు అంది: "ఆదివారాలు ఇంక రాకు అన్నయ్యా. నేను వండలేను."

తనిఖీవాళ్లు విచారణ కాగితం మార్చారు. కింద వరుసలోని 'మెకానిక్ అజాగ్రత్త' అన్న రెండు మాటలు పోయాయి. కంపెనీ తన ప్రకటనలో ఒక ఉద్యోగి తప్పిదం అని రాసింది. స్విచ్చులాయనకి నెల గడువిచ్చి పొమ్మన్నారు. ఆ నెలంతా ఎవరూ అడగకుండానే మూసేసిన హెచ్చరికని తెరిపించి, నాలుగు వేల అరుపుల్నీ ఒక్కొక్కటిగా సరిచేస్తూ కూర్చున్నాడు. గుర్తింపు కార్డు వెనక్కి ఇచ్చే రోజుకి ఆరు వందల పదకొండు అయ్యాయి. అతని కుర్చీలోకి వచ్చినవాడు రెండు వారాలు భరించి, తలనొప్పి అని మళ్లీ మూయించాడు.

ఇప్పుడతను ఒక గోదాములో సరుకు రాకపోకలు రాస్తాడు. ఆదివారాలు గదిలోనే వండుకుంటాడు. మధ్యలో ఒకసారి, చెల్లెలి వీధి చివర, మెకానిక్కు పెట్టుడు కాలితో నడక నేర్చుకోవడం దూరం నుంచి చూశాడు. ఎడమ చేతికి కొత్త ఎర్ర తీగ ఉంది, మూడు చుట్లు. మెకానిక్కు కూడా ఇతన్ని చూశాడు. పలకరించలేదు. తల మాత్రం దించుకోలేదు. కర్ర నేలకి ఆనించి, నిటారుగా, ఇతను పక్కకి తప్పుకునేదాకా అలాగే నిలబడ్డాడు.