విఠల్‌రావు దిష్టిచుక్క

విఠల్‌రావు తీసిన ఫొటోలో ముందుగా కనిపించేది విఠల్‌రావు పేరు. ఆ తర్వాత, చూసేవాళ్లకు ఓపికుంటే, ఫొటోలో ఉన్న మనిషి కనిపిస్తాడు. పత్తర్‌గట్టి వెనక సందులో ఆయన స్టూడియో. అక్కడి కంప్యూటర్‌లోంచి బయటికొచ్చే ప్రతి ఫొటో మీదా ఈ చివర నుంచి ఆ చివర దాకా 'విఠల్ ఫొటో స్టూడియో, పత్తర్‌గట్టి' అని తెల్లటి అక్షరాలు పడాల్సిందే. ఫొటోలను దొంగలు ఎత్తుకుపోకుండా అట. వాటర్‌మార్క్ అంటారు దాన్ని. మిగతావాళ్లు వేస్తే వేసినట్టే తెలియదు. ఈయన వేస్తే గోడకు సున్నం కొట్టినట్టుండేది.

నగేష్ పెళ్లి ఫొటోలో ఆ అక్షరాలు సరిగ్గా పెళ్లికొడుకు మూతి మీద పడ్డాయి. పెళ్లికి రాలేకపోయిన పిల్ల మేనత్త ఫొటో చూసి, "పిల్లగానికి మీసాలున్నయా, లేవా?" అని ఆరా తీసింది. నగేష్ లొల్లి పెట్టుకుంటూ వచ్చాడు.

"ఏంది రావుసాబ్, నా మూతి మీద మీ పత్తర్‌గట్టి ఏంది?"

"మూతి ఎట్లైన నీ దగ్గరనే ఉంటది గద! పేరు లేకుంటే ఫొటో ఎవనిదైన అయితది" అన్నాడు విఠల్‌రావు నింపాదిగా.

ఒకసారి పాస్‌పోర్టు ఫొటో మీద కూడా వేసిచ్చాడు. ఆఫీసువాళ్లు అది చెల్లదని తిప్పి పంపారు. "చూసినవా, సర్కారోళ్లు గూడ నా పేరు చదివిన్రు" అని మురిసిపోయాడు గానీ, పేరు లేకుండా ఇంకో ఫొటో ఇవ్వడానికి ఆయనకు చెయ్యి ఎంతకీ రాలేదు.

ఆయన భార్య రాధాబాయి బాధ వేరు. ఓ చవితినాడు గణపతిని, ముందున్న మోదకాల పళ్లెంతో సహా ఫొటో తీసి, ఫ్రేమ్ కట్టించి పూజగూట్లో పెట్టాడు. దేవుడి బొజ్జ మీద అడ్డంగా తన పేరు! "రోజూ పొద్దుగాల లేచి ఈయన పేరుకే హారతిస్తున్న. గణపతి దాకా పోతున్నదో లేదో" అని ఇంటికొచ్చినవాళ్లందరికీ చెప్పుకునేది.

విఠల్‌రావును కాకా అని పిలిచే సోనీకి మాత్రం ఇది నవ్వులాట కాలేదు. వాళ్లమ్మ కృష్ణమ్మ లాల్‌దర్వాజాలో నాలుగిళ్లకు గిన్నెలు తోముతుంది. ఆషాఢం దగ్గరపడితే బోనాల కుండల మీద చిలుకలూ వేపకొమ్మలూ గీస్తుంది. ఆమె చెయ్యి పడిందంటే మట్టికుండకు పెళ్లికళ వస్తుంది. ఈసారి చాంద్రాయణగుట్ట దగ్గర ఒక కాలనీవాళ్లు తమ బోనాలన్నిటికీ ఒకరి చేతనే కుండల మీద బొమ్మలు వేయించాలనుకున్నారు. ఆ పని దొరికి ఏటేటా నడిస్తే, అమ్మ ఇంక పరాయి గిన్నెలు ముట్టనక్కర్లేదు. కాలనీ పెద్ద జగదీశ్వర్ ముందుగా ఫొటోలు పంపమన్నాడు.

"మా కృష్ణమ్మ కుండలకు నేను తీయకుంటే ఎవరు తీస్తరు?" అంటూ విఠల్‌రావు ఒక పూటంతా కూర్చుని తీశాడు. ఫొటోలు అద్భుతం. కాకపోతే చిలుక ఉందని నమ్మాలి తప్ప కనిపించదు.

"కాకా, అమ్మ కుండలు అమ్ముకోవాల్నా, నీ స్టూడియో అమ్ముకోవాల్నా?"

"ఉండనీ బిడ్డా. దాని జోలికి పోకు."

పోకు అన్నాక పోకుండా ఉంటుందా? ఇంటికెళ్లే బస్సులోనే సోనీ ఫోన్ మీద వేలితో రుద్ది రుద్ది అక్షరాలన్నీ మాయం చేసింది. శుభ్రపడిన ఫొటోలను జగదీశ్వర్‌కు పంపి, ఇన్‌స్టాలోనూ పెట్టింది. మస్తు లైకులొచ్చాయి.

వారం తిరక్కముందే జగదీశ్వర్ ఫోన్ చేశాడు.

"ఏందమ్మా గిట్ల చేస్తిరి? బేగంబజార్ల ఒక దుకాణపాయన గివే ఫొటోలు చూపిస్తుండు. కుండలు ఆయనవేనంట, మీరే ఎత్తుకొచ్చిన్రంట!"

"కాదన్నా, మా అమ్మ గీసింది. కావాల్నంటే మీ ముందట గీస్తది."

"చూసి ఎవరైన గీస్తరు. ముందుగాల గీసింది ఎవరో ఎట్ల తెల్వాలె? రేపు ఆయనకే ఖాయం చేస్తున్నం."

విషయం విని కృష్ణమ్మ కొంగు బిగించి, ఎప్పటిలాగే గిన్నెలు తోమడానికి బయల్దేరింది. సోనీకి ఏడుపు అప్పుడొచ్చింది.

ఆ సాయంత్రమే, ఫొటోలు తీసినాయన్నే అడగమని జగదీశ్వర్‌ను బతిమాలి స్టూడియోకు తీసుకొచ్చింది. "కాకా, నీ పేరు నేనే చెరిపేసిన. తప్పయింది" అంది తల వంచుకుని. తిడతాడనుకుంది. ఆయన జగదీశ్వర్ వైపు తిరిగాడు.

"ఆ దుకాణపాయన పంపిన ఫొటో తెరువుండ్రి. పెద్దగ చెయ్యుండ్రి. ఇంకా పెద్దగ. చిలుక రెక్క కింద ఏమున్నది?"

జగదీశ్వర్ ఫోన్‌ను ముక్కు దాకా తెచ్చుకున్నాడు. ఈకల గీతల్లో కలిసిపోయి చీమల్లాంటి అక్షరాలు: 'కృష్ణమ్మ, లాల్‌దర్వాజా'. రెండో ఫొటోలో అదే పేరు వేపాకు మీద. ఇంకోదాంట్లో కుండ అంచున.

"అరే!" అని అక్కడికక్కడే బేగంబజార్‌కు ఫోన్ కలిపాడు. "భాయ్‌సాబ్, మీ చిలుక రెక్క కింద ఎవరి పేరున్నదో జర చూసి చెప్పుండ్రి."

అవతల ఫోన్ కట్టయింది. కుండలు కృష్ణమ్మకు ఖాయమయ్యాయి.

జగదీశ్వర్ వెళ్లాక సోనీ అడిగింది. "అమ్మ పేరు లోపల నువ్వే దాచిపెట్టినంక, నీ పేరు గంత పెద్దగ ఎందుకు కాకా?"

"చంటిపిల్లకు బుగ్గ మీద చుక్క ఎందుకు పెడ్తరు? కండ్లన్నీ గా చుక్క మీదనే పడాలె, పిల్ల మీద పడొద్దని. నా పేరు గా చుక్క బిడ్డా. దొంగ దాన్ని చెరిపి సంబురపడ్తడు. ఇంకోటి ఉంటదని దేవులాడడు."

"నేను గూడ సంబురపడ్డ."

"నువ్వు చెరుపుతవని నాకు తెల్వదా?"

సోనీకి నవ్వూ సిగ్గూ కలిసొచ్చాయి. నగేష్ పెళ్లి ఫొటోను కంప్యూటర్‌లో పెద్దది చేసి చూసింది. షేర్వాణీ అంచున దాన్ని కుట్టిన బీరయ్య పేరు. పెళ్లికూతురు జడలో, ఆ పూలజడ అల్లిన సక్కుబాయి పేరు. మూతి మీది అక్షరాలకు మండిపడ్డవాళ్లెవరూ ఇంత లోపలికి చూడనేలేదు.

ఈ మాట విన్న రాధాబాయి పూజగూట్లోంచి గణపతి ఫ్రేమ్ దించి, కళ్లద్దాలు పెట్టుకుని, అంగుళం అంగుళం వెతికింది. పళ్లెంలో పై మోదకం మడతల్లో 'రాధాబాయి' అని ఉంది. మోదకాలు చేసింది ఆమే మరి. ఫ్రేమ్‌ను తెచ్చి విఠల్‌రావు ముందు పెట్టింది.

"ఇన్నేండ్లు మీ పేరుకు హారతిస్తున్ననుకున్న. నాకు నేనే ఇచ్చుకుంటున్ననా?" అంది.

"నాకు గూడ జర సెగ తగిలింది గద!" అన్నాడు విఠల్‌రావు.

మర్నాడు పొద్దున రాధాబాయి హారతి పళ్లెం ఎత్తింది. గణపతికి, బొజ్జ మీది పేరుకు, మోదకానికి, వేరువేరుగా తిప్పింది.