జమ్మి దగ్గర పేలిన తుపాకి

మా సందులోంచి పెళ్ళి బారాత్ వెళ్ళే రోజు నేను కిటికీలన్నీ మూసేసుకుంటాను. డీజే మోతకు కాదు, దానికి అలవాటు పడ్డాను. టపాకాయలు కాలిన తర్వాత గాలిలో నిలిచిపోయే మందు వాసన మాత్రం నాకు పడదు. గంధకమూ మాడిన కాగితమూ కలిసిన ఆ వాసన ముక్కుకు తగిలితే చాలు, ఈ హైదరాబాదు కిరాయి గది పోయి, కల్వకుర్తి అవతల మా ఊరు, ఊళ్ళో మా ఇల్లు, నడింట్లో గోడకు కొట్టిన రెండు మేకుల మీద అడ్డంగా పడుకున్న మా బాపు తుపాకి కళ్ళ ముందుకొస్తాయి.

అది తూటాలు పెట్టే కొత్త రకం తుపాకి కాదు. గొట్టం మూతిలోంచి మందు పోసి, పైన కొబ్బరి పీచు కుక్కి, ఇనుప కడ్డీతో దట్టించి, ఆ మీద చిన్న గుండ్లు వేసే పాతకాలపుది. గుట్ట కింద మా చేనుంది కాబట్టి, పల్లి కాయ ఊరేసరికి అడవి పందులు మందలుగా దిగి సాళ్ళకు సాళ్ళు పెళ్ళగించి పోతాయి కాబట్టి, పంటను కాపాడుకోవడానికని సర్కారు మా తాతకు లైసెన్సు ఇచ్చింది. తాత పోయాక అది కొడుకైన బాపు పేరు మీదికి మారింది. ఊళ్ళో మమ్మల్ని తుపాకోళ్ళు అనేవాళ్ళు. తుపాకోళ్ళ ఇంట్లో పుట్టాను గానీ నా అంత పిరికిది ఆ చుట్టుపక్కల ఊళ్ళలో లేదు. నడింట్లోకి వెళ్ళాల్సి వస్తే ఎదుటి గోడకు వీపు రాసుకుంటూ నడిచేదాన్ని, దానికి కళ్ళున్నాయనీ నన్నే చూస్తోందనీ నాకు గట్టి నమ్మకం. మా అవ్వ, బాపు తల్లి, నవ్వేది. "మందు లేనిది కట్టెతోని సమానమే బిడ్డా, దానికేం భయం" అని ధైర్యం చెప్పేది గానీ, తను కూడా దాని కింద ఎన్నడూ చాప పరుచుకోలేదు.

ఓట్లు వస్తున్నాయంటే లైసెన్సు తుపాకులన్నీ ఠాణాలో అప్పజెప్పాలి. రాష్ట్రం వచ్చిన యేడు అట్లా ఒకసారి నేనూ బాపు వెంట బస్సులో పోయాను. మందు లేకుండా, పాత దుప్పటిలో చుట్టి, పైన చేద తాడు కట్టి, దాన్ని కాళ్ళ మధ్య నిలబెట్టుకుని బాపు కూర్చున్నాడు. కండక్టరు దుప్పటి వంక చూసి, "ఏందే అది, పారనా? లగేజీ తీసుకోవాలె" అన్నాడు. బాపు మెల్లగా, "తుపాకన్నా, టేషన్ల ఇచ్చేదానికి పోతున్న" అన్నాడు. అంతే, పక్క సీటు వాళ్ళు కొంగులు సర్దుకుంటూ లేచి వెనక్కి పోయారు. బస్సు గుంతలో పడ్డప్పుడల్లా నేను చెవులు మూసుకున్నాను. ఠాణాలో దాన్ని ఇచ్చేసి వచ్చాక ఓట్లయ్యే దాకా మా ఇల్లంత చల్లటి ఇల్లు లేదనిపించింది నాకు.

దసరాకు మాత్రం ఆ తుపాకి దొరబాబు అయ్యేది. పొద్దున్నే నూనె రాసి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసేవాళ్ళు. ఇల్లంతా గారెల వాసన, పొయ్యి మీద ఉడుకుతున్న యాట కూర మసాలా వాసన, కొత్త గౌను గంజి వాసన. సాయంత్రం పాలపిట్టను చూసి వచ్చాక ఊరంతా జమ్మిచెట్టు దగ్గర కూడేది. అక్కడ మా ఊరి ఆచారం ఒకటుంది. మా ఇంటి తుపాకి ఆకాశంలోకి ఒకసారి పేలితే గానీ ఎవ్వరూ జమ్మి ఆకు తెంపరు. పేలుడు వినపడగానే జనం చెట్టు మీద పడి ఆకు తెంపుకుని, బంగారం బంగారం అంటూ ఒకరికొకరు పంచుకుని, గుండెలకు హత్తుకుని అలాయి బలాయి ఇచ్చుకునేవాళ్ళు. నేను అవ్వ కొంగు తలమీంచి కప్పుకుని, పేలుడు అయిందని అవ్వ రెండుసార్లు చెప్తే గానీ బయటికి వచ్చేదాన్ని కాదు.

ఆ యేడు దసరా ముందు కొత్తగా వచ్చిన ఎస్సై పంచాయతీ ఆఫీసు ముందు అందరినీ కూర్చోబెట్టాడు. "లైసెన్సు ఇచ్చింది చేను కాపాడుకోవడానికి. పదిమంది కూడిన జాగాలో పేల్చడానికి కాదు. సంబరానికైనా సరే, గాలిలోకైనా సరే, పేలిస్తే కేసు రాస్తా, లోపలేస్తా" అని బాపు ముఖంలోకి చూస్తూ చెప్పి జీపెక్కాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సహించలేదు. అంతదాకా తుపాకికే భయపడ్డదాన్ని, ఇక మా బాపును తీసుకుపోతారన్న భయం పట్టుకుంది. వీధిలో ఏ బండి ఆగినా జీపే అనుకుని గుమ్మం వెనక్కి పోయేదాన్ని.

బాపు వద్దనే అన్నాడు. బాపు అన్న, మా పెద్దబాపు, ఊరుకోలేదు. "తాతల కాన్నుంచి వస్తున్న రివాజు. నీ చేతుల ఆగిపోతె ఊరు మన మొకాన ఉమ్మేస్తది" అన్నాడు. అప్పుడు బాపు బాగా ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాడు. గుండ్లు వేయడట. ఉత్త మందు పోసి పీచు దట్టించి పేలుస్తాడట. "గుండే లేనిదానికి కేసెట్లయితది? గది ఉత్త చప్పుడే" అన్నాడు. వాకిట్లో కూర్చున్న వాళ్ళంతా తలలూపారు. చట్టమంతా గుండ్ల మీదే ఉందని మా ఊరు ఊరంతా నమ్మింది. అవ్వ ఒక్కతే, "గుండు లేకున్నా మనిషిని బెదిరిస్తది కొడకా, జర పైలం" అంది. ఎవరూ వినలేదు.

ఆ వారమంతా ముసురు. మూల పెట్టిన మందు చెమ్మ పట్టిందని, చెమ్మ మందు ఆలస్యంగా అంటుకుంటుందని ఎవరికీ తోచలేదు. జమ్మి దగ్గర బాపు తుపాకి పైకెత్తినప్పుడు నేను అవ్వ కొంగులో లేను. జీపు వస్తే బాపును గట్టిగా పట్టుకోవాలని ఆయన పక్కనే నిలబడ్డాను. మీట నొక్కాడు. టిక్కుమంది, అంతే. వెనక నుంచి ఎవరో నవ్వారు. బాపు సిగ్గుపడి, ఏమైందో చూద్దామని తుపాకిని నడుము దాకా దించి ఇటు తిరిగాడు. అప్పుడు పేలింది.

నా ఎడమ చెంప పక్క నుంచి మంట పోయింది. కాలిన పీచు జుట్టుకు అంటుకుంటే ఎవరో అరచేత్తో కొట్టి ఆర్పారు. తర్వాత చప్పుడే లేదు. అవ్వ నోరు తెరిచి ఏడుస్తోంది, వినపడదు. బాపు నా భుజాలు పట్టి ఊపుతున్నాడు, వినపడదు. లోకం ఆగిపోయిందనుకున్నాను. నేను చచ్చిపోయాననే అనుకున్నాను, అంత భయం మళ్ళీ ఎప్పుడూ పడలేదు.

కల్వకుర్తి దవాఖానలో కుడి చెవి మెల్లగా తెరుచుకుంది. నాకు మొదట వినపడింది పెద్దబాపు మాటే. "పటాకి పేలిందని చెప్పాలె, తెలిసిందా? లేకుంటె మీ బాపును తోల్కపోతరు." కాసేపటికి ఎస్సై వచ్చి మంచం మీదికి వంగి, "ఏం పేలింది పాపా?" అన్నాడు. పటాకి అనే మాట నాలుక మీదే ఉంది గానీ బయటికి రాలేదు. కాళ్ళ దగ్గర నిలబడ్డ బాపు ముందుకొచ్చాడు. "దాన్ని అడగకు సార్. పటాకి గాదు. నా తుపాకె. నేనే పేల్చిన."

నేను ఏ జీపుకు భయపడ్డానో ఆ జీపులోనే ఆయన్ని ఎక్కించారు. జామీను మీద ఇంటికొచ్చాడు గానీ కేసు ఏళ్ళ తరబడి నడిచింది. కోర్టు పేషీకి పోయిన రోజు సాయంత్రం బస్సులోంచి ఆయన దిగేదాకా నేను రోడ్డు మీదే ఉండేదాన్ని. చివరికి జుర్మానా వేసి వదిలారు. లైసెన్సు పోయింది, తుపాకి తిరిగి రాలేదు. నా ఎడమ చెవి కూడా రాలేదు.

ఇప్పుడు మా నడింటి గోడకు టీవీ ఉంది. పందులకు భయపడి బాపు పల్లి వేయడం మానేసి పత్తి పెడుతున్నాడు, ఉడకబెట్టిన పల్లికాయ రుచి మా ఇంట్లో లేకుండా పోయింది. జమ్మి దగ్గర డప్పు కొడితే ఆకు తెంపుతున్నారు. తుపాకోళ్ళు అంటే ఎవరని ఈ కాలం పిల్లలు అడుగుతున్నారు. ఆనాటి సంగతి బాపు ఇంట్లో ఎన్నడూ ఎత్తలేదు. తింటున్నా, నడుస్తున్నా, బస్సెక్కినా, నాకు వినపడే కుడి పక్కకే వచ్చి కూర్చుంటాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి మరచిపోలేదు.

మొన్నటి దసరాకు జమ్మి ఆకు చేతిలో పెట్టి ఆయన కాళ్ళకు మొక్కాను. బాపు నన్ను లేవదీసి, ఎడమ పక్కకు జరిగి, ఆ చెవి దగ్గరగా వంగి చాలాసేపు ఏదో చెప్పాడు. మెడకు ఊపిరి వెచ్చగా తగిలింది, మాట మాత్రం ఒక్కటీ వినపడలేదు. ఏమన్నావని అడగలేదు, వినపడకూడదనే ఆయన ఆ పక్కకు వచ్చాడు. చెప్పడం అయిపోయేదాకా కదలకుండా నిలబడ్డాను.