పేరు చెరిగితే వీరప్ప ఊరుకోడు

యాడికి ఊళ్లో వీరప్ప తన ఇంట్లో దొంగ కంపెనీ నడుపుతున్నాడనీ, తుక్కు సామానుకు బంగారు పేర్లు అంటించి కొత్తవని అమ్ముతున్నాడనీ ఒక పుకారు చాలాకాలం తిరిగింది. అందులో బంగారు పేర్లు అంటించే మాట ఒక్కటే నిజం. వీరప్పకు ఉన్న జబ్బు వేరు. పాత వస్తువు మీద కంపెనీ పేరు చెరిగిపోయి కనిపిస్తే ఆయనకు అన్నం దిగదు.

సైకిలు కానీ, రేడియో కానీ, "పాపం, దీని పేరు పోయిండాదే" అని తప్పిపోయిన బిడ్డను చూసినట్టు చూసేవాడు. ఒకసారి తాడిపత్రి బస్సులో ముందు సీటాయన ఒళ్లో రేడియో ఉంది. దాని మీద రెండక్షరాలు లేవు. వీరప్ప తాను పనిచేసే రాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ దాటిపోయి, ఆ రేడియో వెంట ఏదో ఊరిదాకా వెళ్లి, వాళ్లింట్లోనే భోంచేసి, అక్షరాల కొలత రాసుకుని సాయంత్రానికి తిరిగొచ్చాడు. ఫ్యాక్టరీలో ఏం చెప్పాడో దేవుడికే తెలుసు.

పుకారు పుట్టింది ఎదురింటి రామక్క కిటికీలోంచి. నాలుగో తరగతి దాకా చదివిన రామక్కకు, వీధిలో ఎవరింట్లో ఏ కూర ఉడుకుతోందో తెలియకపోతే తలనొప్పి వచ్చేది. అలాంటిది వీరప్ప ఇంట్లో తీగ మీద బంగారు కాగితాలు ఆరుతూ కనిపించాయి. "దొంగనోట్లేమోనబ్బా" అని ఆమె అన్నది ఒక్కరితోనే. ఆ ఒక్కరూ ఊరంతటితో అన్నారు, ఊరు చుట్టేసరికి నోట్లు పోయి దొంగ కంపెనీ అయింది. ఇక ఉండబట్టలేక, ఓ ఉదయం రామక్కే విచారణకు బయల్దేరింది.

వీరప్ప గుమ్మంలోనే ఖాళీ సాసరు చాచాడు. "మంచి టయానికి వచ్చినావు రామక్కా. ఇందులోకి రవ్వన్ని నీళ్లు పోస్తావా?"

"ట్యాంకరొచ్చి నాలుగు దినాలాయ. ఏమిటికప్పా, తాగేకా?"

"అక్షరాలు నానబెట్టేకి."

"మనుషులకే లేవంటే అక్షరాలకు నీళ్లంట. నీ ఇల్లు బంగారం కానూ." తిడుతూనే తెచ్చి పోసింది. పోయకపోతే లోపల ఏం జరుగుతోందో తెలియదు కదా మరి.

వీరప్ప చెప్పిన ప్రకారం, ముందు నున్నటి కాగితానికి తుమ్మబంక పూసి ఆరబెట్టాడట. తాడిపత్రిలో పెళ్లిపత్రికలు అచ్చేసే అతావుల్లా దగ్గర మిగిలిపోయిన బంగారు రంగును, చట్రానికి బిగించిన పల్చటి గుడ్డలోంచి అక్షరాలుగా ఆ కాగితం మీదికి దించాడట. పైన వార్నిష్ పూతట. ఆ ముక్కను కత్తిరించి సాసరులో వేశాడు. కాసేపటికి అడుగునున్న బంక కరిగింది. వేలి కొసతో మెల్లగా తోశాడు. అంతే, పేరు కాగితాన్ని వదిలేసి జారింది. ఈగ రెక్కకంటే పల్చటి పొర. దాని మీద తీగలూ పువ్వులూ అక్షరాలూ ఒక్కటి చెదరలేదు. పక్కనే ఉన్న పాత రేడియో నుదుటి మీదికి నడిచి వెళ్లినట్టు వెళ్లి కూర్చుంది. గుడ్డతో అద్దితే అంచు కూడా కనపడలేదు. రామక్క ముక్కు ఆనేంత దగ్గరికి వంగి ఆ అంచు కోసం వెతికింది. 

మిగిలిన నీళ్లు కరివేపాకు మొక్కకు పోసి వీరప్ప అన్నాడు. "చూసినావా, ఇప్పుడు దానికి ప్రాణమొచ్చినట్ల లేదూ?"

ఆయన నియమం ఒక్కటే. కంపెనీ ఏం రాసిందో అదే, అదే కొలత, అదే వంపు. ఒకరోజు ఊళ్లోని ఓబుళేసు పాత మోటారుసైకిలు తోసుకొచ్చాడు.

"అన్నా, ట్యాంకు మీద మా నాయన పేరు ఏసియ్యి."

"కంపెనోడు రాసిందే ఏస్తా."

"బండి నాది కదన్నా."

"బండి నీదే. పేరు నీది కాదు."

ఓబుళేసు రెండు నాటుకోళ్లు తెచ్చాడు. వీరప్ప కోళ్ల వైపు చూడనైనా లేదు. ట్యాంకు మీద చెరిగిపోయిన అక్షరం వంకే జాలిగా చూస్తూ కూర్చున్నాడు.

రెండువేల రెండులో, వానలు మళ్లీ మొహం చాటేసిన ఏడు, వీధి చివరి మాబున్నీసాకు కష్టమొచ్చింది. ముప్పై ఏళ్లుగా జాకెట్లు కుట్టే మనిషి. బస్టాండు దగ్గర మోటారు మిషన్లతో కుట్టే షాపు తెరిచేసరికి ఆడవాళ్లంతా అటు తిరిగారు. "ఆ తుక్కు మిషన్లో కుట్టిచ్చుకోవాలంటే సిగ్గయితాది" అనేసింది సుబ్బరత్నమ్మ. కుట్టు అదే, చెయ్యి అదే. మిషను మొహమే అరిగిపోయింది. నెలరోజులు ఒక్క గుడ్డముక్క రాలేదు. దాన్ని పాతసామాన్ల బండికి వేసి, తాను రాళ్ల ఫ్యాక్టరీ పనికి పోతానని మాబున్నీసా రామక్క దగ్గర కళ్లొత్తుకుంది.

రామక్క రోడ్డు దాటి వెళ్లి ఒక్క ముక్క చెప్పింది. "వీరప్పా, మాబున్నీసా మిషనుకు పేరు పోయిండాది."

ఆమె మాట పూర్తయ్యేలోపే ఆయన తోపుడుబండి వెతకడానికి పోయాడు.

ఇరవై రోజులకు మిషను తిరిగొచ్చింది. నల్లటి ఒంటి మీద బంగారు తీగలు, ఆ తీగల మధ్య ఒక నెమలి, నెమలి కింద వంపులు తిరిగిన ఇంగ్లీషు అక్షరాలు. వీధంతా గుమ్మం ముందే నిలబడిపోయింది. ఇంగ్లీషు చదవడం ఎవరికీ రాదు కాబట్టి అది ఫారిన్ మిషనని తేలిపోయింది. "ఫారిన్ మిషను కుట్టు బిగువే వేరు" అన్నది సుబ్బరత్నమ్మే, ఆరు జాకెట్ల గుడ్డ చంకలో పెట్టుకుని.

ప్యాంటు చిన్నది చేయించుకోవడానికి వచ్చిన పోస్టుమ్యాన్ నారాయణ, కూర్చున్నవాడు కూర్చున్నట్టు ఆ అక్షరాలు కూడబలుక్కున్నాడు. "మాబున్నీసా అని ఉండాదే."

"మన మాబున్నీసా పేరుతో ఫారిన్లో కంపెనీ ఉండాదా?" అంది రామక్క. నారాయణ పగలబడి నవ్వేదాకా ఆమెకు వెలగలేదు. మాబున్నీసా మాత్రం చేతిలో గుడ్డ వదిలేసి, ఆ అక్షరాల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే తడుముకుంది.

రామక్క నేరుగా వీరప్ప గుమ్మంలో తేలింది. "ఏమప్పా, ఓబుళేసు వాళ్ల నాయన పేరడిగితే కాదంటివి. కోళ్లు తెస్తే కూడా కాదంటివి. ఈమెకు మాత్రం కంపెనీ పేరు తీసేసి సొంత పేరు ఏస్తివే. నీ నియమం ఏమాయ?"

వీరప్ప సాసరు చాచాడు. ఆమె విసుక్కుంటూనే నీళ్లు పోసింది. ఆయన అందులోకి ఇంకో ముక్క జారవిడిచి, అది నానేవరకు చూసి, అప్పుడు తలెత్తాడు.

"నియమం తప్పలేదక్కా. కంపెనీ పేరే ఏసినా. ముప్పై ఏండ్లుగా ఆ మిషన్ను నడుపుతాండే కంపెనీ ఆమే కదా."